సాంత్-ఎత్యెన్ డార్న్, 16 గేజ్ (గొట్టం లావు కొలత): ఏళ్ల తరబడి కాల్చాక నా అభిప్రాయం

పాత యూరప్ వేట తుపాకులు సేకరించేవాళ్లలో చాలామంది వాటిని బీరువాలో దాచుకుంటారు. నేను కాల్చి చూస్తాను. నా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే ఎక్కువగా బయటికి తీసేది ఫ్రాన్స్‌లోని సాంత్-ఎత్యెన్‌లో తయారైన జంటగొట్టాల డార్న్ తుపాకీ. ఉద్యోగరీత్యా లియాన్ దగ్గర ఉంటున్నాను కాబట్టి అది పుట్టిన ఊరు నాకు దగ్గరే.

మామూలు జంటగొట్టాల తుపాకీని మధ్యకు వంచి తూటాలు పెడతాం. డార్న్‌లో గొట్టాలు అసలు కదలవు. వెనకనున్న మీటను పైకెత్తి లాగితే బ్రీచ్ (గొట్టాలను వెనక నుంచి మూసే భాగం) మొత్తం వెనక్కి జారుతుంది. ఈ జారే బ్రీచ్‌కు రెజీస్ డార్న్ 1894లో పేటెంట్ తీసుకున్నాడు. ఇరుకు పొదల్లో ఉడ్‌కాక్ పక్షి కోసం వెళ్లినప్పుడు తుపాకీని వంచడానికి చోటు వెతుక్కోనక్కర్లేదు. గొట్టాల మధ్య పట్టీ కూడా మూతి దాకా సాగదు, చాలా ముందే ఆగిపోతుంది. అందువల్ల ముందు భాగం బరువనిపించదు. పక్షి లేచిన క్షణంలో తుపాకీ దానంతటదే భుజానికి చేరుతుంది. ఈ ఒక్క గుణానికే దీన్ని మరే తుపాకీతోనూ మార్చుకోను.

అయితే తూటాల విషయంలో ఇది రాజీపడదు. నా తుపాకీలో తూటా కూర్చునే గది పొడవు 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు దుకాణాల్లో దొరికే పొడవైన తూటా అందులో దూరుతుంది, కానీ కాల్చినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటుండదు, ఒత్తిడి పెరుగుతుంది. దూరింది కదా అని కాల్చకూడదు. బ్రీచ్ ముఖానికి తూటా అడుగు ఇమిడే ఉక్కు బిళ్లలున్నాయి. అంచు కాస్త మందంగా ఉన్న తూటా పెడితే మీట పూర్తిగా కిందికి దిగదు, బలవంతపెట్టకూడదు.

ఏ పాత తుపాకీనైనా మొదట తుపాకుల పనివాడి చేత గొట్టాల మందం, గది పొడవు కొలిపిస్తాను. పరీక్షా ముద్రల్లో (గొట్టాలు ఒత్తిడి పరీక్షకు నిలిచాయని వేసే గుర్తులు) పొగలేని మందుకు సంబంధించినది ఉందో లేదో చూస్తాను. మొదటి కాల్పులు భుజానికి ఆనించి చేయను. బరువైన టైరుకు కట్టి, దూరం నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగుతాను. కాల్చిన తూటా ఇత్తడి ఉబ్బినా, చీలినా అక్కడితో ఆపేస్తాను. అంతా బాగుంటేనే కాగితం మీదికి కాల్చి, గుళ్లు ఎలా పరుచుకుంటాయో చూడటం.

లోపాలూ ఉన్నాయి. తేలిక తుపాకీ కావడంతో బరువు తూటాలతో భుజాన్ని గట్టిగా తన్నుతుంది, 26 గ్రాముల సీసం దాటి వాడను. గుంపుగా వేటకు వెళ్తే మరో చిక్కు: వంచిన తుపాకీ ఖాళీ అని దూరం నుంచే తెలుస్తుంది, తెరిచిన డార్న్‌ను చూసి పక్కవాళ్లు పోల్చుకోలేరు. అందుకే తూటాలు తీసి, దగ్గరగా చూపిస్తాను.

పాత కర్మాగారం 1979లో మూతపడింది. సొంతదారు కావాలనుకునేవారు ముందుగా ఈ జారే బ్రీచ్ పని తెలిసిన పనివాడిని వెతుక్కోవాలి, బేరం తర్వాత. యూరోపియన్ యూనియన్ 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో సీసపు గుళ్లను నిషేధించింది. అలాంటి చోట నేను బిస్మత్ అనే లోహపు గుళ్లు వాడతాను, ఖర్చు ఎక్కువే. ఉక్కు గుళ్లు మాత్రం ఈ పాత గొట్టాల్లోకి ఎప్పటికీ పోనివ్వను.