మా రాజాకు ఎనిమిది నెలలుగా ఛుర్పీ: మా అనుభవం

మా రాజా మూడేళ్ల లాబ్రడార్. హన్మకొండలో మాది అద్దె ఇల్లు. సాయంత్రం మేం ఆఫీసుల నుంచి వచ్చేసరికి చెప్పో, చాప అంచో పీలికలై ఉండేది. మటన్ షాపు బొక్కలు ఉడికించి వేసేవాళ్లం. ఉడికిన బొక్క సూదుల్లా చీలుతుందని పశువుల డాక్టర్ చెప్పాక మానేశాం. తర్వాత తోలుతో చేసిన బొక్క తెస్తే, నానిన ముక్క మింగేసి రాత్రంతా కక్కుకున్నాడు. ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా మరిచిపోలేదు.

అప్పుడే ఛుర్పీ కొన్నాం. నేపాల్, సిక్కిం కొండల్లో మనుషులే బుగ్గన పెట్టుకుని నమిలే గట్టి చీజ్ ఇది. జడల బర్రె పాలు, ఆవు పాలు విరగ్గొట్టి, నీరు పిండి, బాగా ఆరబెడతారు. ప్యాకెట్ మీద పాలు, నిమ్మరసం, ఉప్పు తప్ప ఇంకేమైనా రాసి ఉంటే నేను కొనను.

మొదట చిన్న సైజు తెచ్చి తప్పు చేశాం. 30 కిలోల కుక్క దాన్ని రెండు రోజుల్లో అవగొట్టింది. పెద్దది మాత్రం రోజూ 20 నిమిషాల చొప్పున మూడు వారాలు వస్తోంది. ముందు నాకి నాకి తడిపి, తర్వాత పక్క పళ్లతో గీరుతాడు. వాసన లేదు, చాప మీద మరక పడదు. పొద్దున మేం బయల్దేరే ముందు మా కళ్ల ఎదుటే నమిలించి తీసేస్తాం, తర్వాత హాయిగా పడుకుంటాడు. చెప్పులు బతికిపోయాయి! దీపావళి టపాసులకు ఈసారీ మంచం కిందికే దూరాడు కానీ, వణక్కుండా నములుతూ ఉన్నాడు. అది చూసి నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఇది తిన్న రోజు అన్నం కాస్త తగ్గిస్తాం, దీనిలోనూ బలం ఎక్కువే కదా.

నా భయమల్లా దీని గట్టిదనం గురించే. గోరుతో నొక్కితే గుంట పడదు. అంత గట్టివి కొరికితే పై దవడలోని పెద్ద పన్ను పగలొచ్చని డాక్టర్ హెచ్చరించారు. అందుకే గోరువెచ్చని నీళ్లలో కాసేపు నానబెట్టి ఇస్తాం, నెలకోసారి పళ్లు చూసుకుంటాం. బొటనవేలంత మిగిలాక గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉంది, వెంటనే లాక్కోవాలి. ఆ ముక్కను నానబెట్టి మైక్రోవేవ్‌లో పెడితే పేలాల్లా ఉబ్బుతుంది. లోపల వేడి ఉంటుంది కాబట్టి పూర్తిగా చల్లారాకే ఇవ్వాలి.

పక్కింటి ఆంటీ తమ పదేళ్ల పామెరేనియన్‌కు ఒకటి తెప్పించమన్నారు. వద్దన్నాను. దాని పళ్లు ఇప్పటికే కదులుతున్నాయి. మా దగ్గర ఉబ్బించిన ముక్క ఉంటే అదే చిదిమి ఇచ్చాను, ఇష్టంగా తింది.