ఏ కాలర్ మైక్ కొనాలి? బీచ్ గాలిలో తిరిగి తిరిగి నేను తేల్చుకున్నది

వారానికి ఇద్దరైనా అడుగుతున్నారు, "అన్నా, వైర్‌లెస్ మైక్ ఏది తీసుకోమంటావ్" అని. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజ్‌లు పెట్టి పెట్టి విసుగొచ్చి ఇక్కడ రాసేస్తున్నా, ఇకనుంచి అడిగినోళ్ళకి ఇదే పంపిస్తా. రిసీవర్ (కెమెరాకో ఫోన్‌కో పెట్టే ముక్క) ఎక్కడ గుచ్చాలి లాంటివి చెప్పను, అవన్నీ తెలిసే అడుగుతున్నారు కదా. ఎంత తిరిగినా అందరూ ఆగేది నాలుగు పేర్ల దగ్గరే: రోడ్ వైర్‌లెస్ గో 2, డీజేఐ మైక్ 2, డీజేఐ మైక్ మినీ, హాలీల్యాండ్ లార్క్ ఎం2.

ముందే ఒక మాట, సౌండ్ క్వాలిటీ గురించి కొట్టుకోకండి. నాలుగూ బాగానే ఉంటాయి. రోడ్ గొంతు కొంచెం నిండుగా ఉంటుందని నాకనిపిస్తుంది, ఇంకొకరికి అనిపించకపోవచ్చు, యూట్యూబ్‌లో ఫోన్ స్పీకర్‌లో వినేవాళ్ళకి అసలు తేడాయే తెలీదు. రేంజ్ గురించీ అంతే. రోడ్ 200 మీటర్లు, మైక్ 2 ఏమో 250, ఎం2 300, మినీ 400 అని డబ్బా మీద రాసుకుంటారు. అది అడ్డం ఏమీ లేని మైదానంలో లెక్క. అయినా మాట్లాడే మనిషిని 400 మీటర్ల దూరంలో పెట్టి షూట్ చేసేది ఎవడండీ, మనిషి చీమంత కనిపిస్తాడు.

మరి నన్ను పట్టుకున్నదేంటంటే, ట్రాన్స్‌మిటర్ లోపలే, అంటే మాట్లాడే మనిషికి తగిలించే మైక్ డబ్బీలోనే, రికార్డ్ అవుతుందా లేదా. ఇదొక్కటే నాకు ముఖ్యం, మిగతావన్నీ దీని తర్వాతే.

ఎందుకంటే ఒకసారి తగిలింది. అప్పుడు నా దగ్గర వేరే సెట్టు ఉండేది, పేరెందుకులెండి. పోర్టులో పనిచేసి రిటైరైన ఒక తాతగారితో ఆదివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో నడుస్తూ మాట్లాడించాం, కురుసుర సబ్‌మెరైన్ దగ్గర మొదలెట్టి అలా వెళ్తూ నలభై నిమిషాలు. ఆయన చిన్నప్పటి హార్బర్ గురించి చెప్తూ చెప్తూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు కూడా. ఇంటికొచ్చి వింటే ప్రతి రెండు మూడు వాక్యాలకీ మాట తెగిపోయి ఉంది. ఆయన సముద్రం వైపు తిరిగినప్పుడల్లా కట్. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకోలేదు, తప్పు నాదే, కానీ పెట్టుకున్నా ఏం చేసేవాణ్ణి, ఆయన్ని మళ్ళీ ఏడవమని అడుగుతానా?

ఇలా ఎందుకవుతుందంటే, ఈ మైకులన్నీ 2.4 గిగాహెర్ట్జ్‌లోనే పనిచేస్తాయి, వైఫై బ్లూటూత్ కూడా అక్కడే. ఆదివారం సాయంత్రం బీచ్‌లో మరమరాల మిక్చర్ తింటున్న ప్రతివాడి జేబులోనూ ఆ బ్యాండ్‌లో అరిచే ఫోన్ ఒకటుంటుంది. దానికి తోడు మన ఒంట్లో ఎక్కువగా ఉన్నది నీళ్ళే కదా, ఈ సిగ్నల్‌ని శరీరం మింగేస్తుంది, అందుకే మైక్ ఛాతీ మీద ఉండి మనిషి కెమెరాకి వీపు తిప్పితే కథ ముగిసినట్టే. ఏ కంపెనీ అయినా సరే ఈ ఫిజిక్స్‌ని దాటలేదు. కానీ ట్రాన్స్‌మిటర్‌లో రికార్డింగ్ ఉంటే సిగ్నల్ పోయినా మాట పోదు, మెడకింద ఉన్న డబ్బీలోనే భద్రంగా ఉంటుంది, తర్వాత ఎడిటింగ్‌లో వీడియోతో సింక్ చేసుకోవడమే.

ఈ లెక్కన మినీ, ఎం2 రెండూ పోయాయి, వాటిలో రికార్డింగ్ లేదు. మిగిలింది గో 2, మైక్ 2.

గో 2 వచ్చింది 2021లో, పాతదైనా గట్టిది. రికార్డింగ్ ఉంది, కానీ దాన్ని ఆన్ చేయాలన్నా ఫైళ్ళు బయటికి తీయాలన్నా వాళ్ళ రోడ్ సెంట్రల్ యాప్‌లోకి వెళ్ళాల్సిందే. రాత్రి పన్నెండుకి పెళ్ళి నుంచి వచ్చి లాప్‌టాప్ తెరిచి ఆ యాప్‌తో కుస్తీ పట్టే ఓపిక నాకు లేదు. మైక్ 2లో ట్రాన్స్‌మిటర్ మీదే బటన్, నొక్కితే ఎర్రలైటు, రికార్డ్ అవుతున్నట్టు కంటికి కనిపిస్తుంది. 8 జీబీ మెమరీ, 24 బిట్‌లో 14 గంటలు పడుతుంది, కేబుల్ పెడితే పెన్‌డ్రైవ్‌లాగ తెరుచుకుంటుంది. రెండు ట్రాన్స్‌మిటర్లున్న సెట్టులో ఛార్జింగ్ కేస్ కూడా వస్తుంది. నేను ఇదే కొన్నా, ఇక దాచడమెందుకు.

32 బిట్ ఫ్లోట్ (గొంతు ఎంత పెరిగినా సౌండ్ పగలకుండా రికార్డ్ చేసే పద్ధతి) ఉంది కదా ఎలా అరిచినా పర్లేదు అంటారు చూశారా, అది సగం నిజం. లోపల రికార్డయ్యే ఫైల్‌కే అది, కేబుల్‌లో కెమెరాకి వెళ్ళేదానికి కాదు. గాలి కొట్టి మైక్ క్యాప్సూలే, అంటే లోపల శబ్దం పట్టే ముక్కే, ఉక్కిరిబిక్కిరైతే ఏ ఫ్లోటూ కాపాడదు, బొచ్చు కవర్ పెట్టాల్సిందే. మన దగ్గర మధ్యాహ్నం దాటాక సముద్రం నుంచి గాలి ఒడ్డుకి కొడుతుంది. అప్పుడు మనిషి సముద్రానికి వీపు పెట్టి నిలబడితే ఒళ్ళే గోడలాగ అడ్డొస్తుంది, ఛాతీ మీది మైక్‌కి గాలి తగలదు, బ్యాక్‌గ్రౌండ్‌లో అలలూ వస్తాయి. గాలంతా మన మొహానికి కొడుతుంది, అది మన ఖర్మ. నాయిస్ క్యాన్సిలింగ్ మాత్రం బీచ్‌లో ఆపేయండి, అలల్ని తీసేయబోయి గొంతుని కూడా నీళ్ళలో ముంచినట్టు చేస్తుంది.

ఇంకొకటి, ఆడవాళ్ళతో ఇంటర్వ్యూలు చేసేవాళ్ళు వినండి. పట్టుచీర మీద 28 గ్రాముల డబ్బీ క్లిప్ చేస్తే పవిట కిందికి లాగేస్తుంది, హారం తగిలి టకటకమని శబ్దం, నల్లపూసలైతే చెప్పక్కర్లేదు. దానికి మందు సన్నటి వైరు కాలర్ మైక్, డబ్బీ నడుము దగ్గర దోపేసి చిన్న మైక్ మాత్రం పైకి తేవాలి. ఆ వైరు గుచ్చుకునే 3.5 ఎంఎం జాక్ గో 2కీ మైక్ 2కీ ఉంది, మినీకి ఎం2కి లేదు. 2025లో మైక్ 3 వచ్చింది, 16 గ్రాములే, రికార్డింగూ ఉంది, కానీ దాని ట్రాన్స్‌మిటర్‌కి జాక్ తీసేశారు. అందుకే నేను దానికి మారలేదు.

అలాగని చిన్నవాటిని తీసిపారేయను. ఫోన్ పట్టుకుని పూర్ణా మార్కెట్‌లో తిరుగుతూ ఒక్కరే మాట్లాడేవాళ్ళకి, సెల్ఫీ దూరంలో సిగ్నల్ ఎక్కడికి పోతుంది? వాళ్ళకి ఎం2 చాలు, 9 గ్రాములు, చొక్కా బొత్తాంలాగ కలిసిపోతుంది. మినీ కూడా అంతే, 10 గ్రాములు. రెండింట్లో ఆ రోజు ఏది తక్కువకి దొరికితే అది.

ఐదారు వందలకి దొరికే ఫోన్‌లో గుచ్చే మైకులు రీల్స్ నేర్చుకునే పిల్లలకి సరే. బోయా ఎం1 అని 6 మీటర్ల వైరుది ఉంది, కుర్చీలో కూర్చుని మాట్లాడేదైతే దానికి మాట తెగిపోతుందన్న భయమే లేదు. సెన్‌హైజర్ జీ4 లాంటి యూహెచ్‌ఎఫ్ (వేరే రేడియో బ్యాండ్‌లో పనిచేసే) సెట్లు టీవీ వాళ్ళవి, మనకి ఎక్కువ.

ఉప్పుగాలి సంగతి మర్చిపోకండి. ఛార్జింగ్ పిన్నులకి చిలుము పడుతుంది, షూట్ అవ్వగానే పొడిగుడ్డతో తుడిచి కేస్ ఉన్న సంచిలో చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా పొట్లాలు నాలుగు వేస్తా.

రెండు ట్రాన్స్‌మిటర్లున్న సెట్టే తీసుకోండి, ఒక్కరే మాట్లాడే వీడియోలైనా సరే. రికార్డింగ్ ఉంది కాబట్టి రెండోది ఊరికే ఎక్కడో పడేసినా అక్కడి సౌండ్ పట్టుకుంటుంది. మొన్న ఫిషింగ్ హార్బర్‌లో తెల్లారగట్ల వలల కుప్ప మీద ఒకటి పెట్టి మర్చిపోయి టీకి వెళ్ళిపోయా, గంట తర్వాత పరిగెత్తుకొచ్చి చూస్తే అక్కడే ఉంది పాపం. ఇంటికొచ్చి వింటే చేపల వేలంపాట మొత్తం పడింది, మధ్యలో బాగా దగ్గర్నుంచి ఒక ఆడమనిషి గొంతు: "ఎవులిదే ఇది, ఎర్రలైటు ఎలుగుతోంది, ముట్టుకోకండి."