జార్జిటౌన్ వీధుల్లో మూడు రోజుల నడక

చెన్నైకి ఇంతకు ముందు చాలాసార్లు వెళ్ళాను గాని, ఆసుపత్రి పనో టీనగర్‌లో పెళ్ళి బట్టల కొనుగోలో ముగించుకుని తిరుగు రైలెక్కడమే తప్ప, సెంట్రల్ స్టేషనుకు కూతవేటు దూరంలో ఉన్న జార్జిటౌన్‌ను నడిచి చూడడం ఈ జనవరిలోనే కుదిరింది.

ముందుగా బస సంగతి. మొదటి రాత్రి స్టేషను దగ్గరి సందులో ఒక లాడ్జిలో దిగాను. ఫోనులో చెప్పిన అద్దెకూ, సామాను గదిలో పెట్టాక అడిగిన అద్దెకూ మూడు వందల తేడా ఉంది. వేడినీళ్ళు ఉదయం ఏడు దాటితే రావు. మర్నాడే ఎగ్మోరుకు మారాను. అద్దె కొంత ఎక్కువైనా కంటినిండా నిద్ర పట్టింది. మెట్రోలో సెంట్రల్ వద్ద రైలు మారితే రెండో స్టేషనే మన్నడి, అక్కడి నుంచి అంతా నడకే.

ఆర్మేనియన్ వీధిని తమిళులు అరణ్మనైక్కారన్ వీధి అంటారు. ఎక్కడి నుంచో వచ్చిన ఆర్మేనియన్లు ఆ పలుకులో రాజప్రాసాదంవారైపోయారు. 1772 నాటి వారి చర్చిలో ఇప్పుడు ప్రార్థనకు కూడే సంఘం లేదు. వరండా నేలనిండా సమాధి ఫలకాలు పరిచి ఉన్నాయి. మనకు చదవరాని లిపిలో చెక్కిన ఆ పేర్లను తొక్కకుండా నడవాలని నేను పక్కపక్కగా అడుగులు వేశాను. ప్రపంచంలోనే తొలి ఆర్మేనియన్ పత్రిక 'అజ్దరార్' 1794లో ఈ మద్రాసులోనే వెలువడింది. దానిని నడిపిన మతాచార్యుడు హరుత్యూన్ ష్మావోన్యన్ సమాధి ఈ ఆవరణలోనే ఉంది. సొంత దేశానికి ఇంత దూరంలో, సొంత భాషలో అచ్చక్షరాలు పేర్చిన ఆ మనిషిని తలచుకుంటూ చాలాసేపు కూర్చున్నాను. ఇక్కడికి ఉదయం పూటే వెళ్ళాలి.

మన తెలుగువారి జాడలు వెతకనక్కరలేదు. 1639లో ఈ తీరాన్ని ఈస్టిండియా కుంపిణీవారికిచ్చిన దామెర్ల వెంకటాద్రి తెలుగు నాయకుడే. ఆయన తండ్రి చెన్నప్ప పేరే చెన్నపట్నానికి వచ్చింది. గోవిందప్ప నాయకన్ వీధి, కాశీ చెట్టి వీధి అంటూ పలకలు చదువుకుంటూ కొత్తవాల్ చావడి వైపు నడిచి, కన్యకాపరమేశ్వరి గుడికి చేరాను. అక్కడ ఒక పెద్దాయన నన్ను "ఏ వూరండీ మనది?" అని పలకరించి, తమిళ యాసలో సాగే తెలుగులో, తమ ఇంట ఏడు తరాలుగా ఈ భాషే మాట్లాడుతున్నామని చెప్పారు. పొట్టి శ్రీరాములు పుట్టినది ఈ జార్జిటౌన్‌లోని అణ్ణాపిళ్ళై వీధిలోనే.

షావుకారుపేటలో మార్వాడీల, గుజరాతీల దుకాణాలే ఎక్కువ. మింట్ వీధిలో కాకడ రామ్‌ప్రసాద్ వారి నేతి జిలేబీ వేడిగా తినవలసినదే. పాదచారికి మాత్రం ఈ వీధి పరీక్ష: తోపుడు బళ్ళు, మోటారు సైకిళ్ళు, మూటలు మోసే కూలీలు ఒకే ఇరుకులో కదులుతుంటారు.

సాయంత్రం బర్మా బజారు వైపు వెళ్ళాను. 1960లలో బర్మా నుంచి తిరిగివచ్చిన తమిళుల బతుకుతెరువుకు ఏర్పడిన బజారది. ఆ పక్క వీధుల్లో అత్తో అనే బర్మా వంటకం అమ్మే బళ్ళుంటాయి. పసుపు రంగు నూడుల్స్‌లో క్యాబేజీ తురుము, వేయించిన ఉల్లి, చింతపండు రసం, కారం వేసి చేత్తోనే కలిపి, వెంట వేడివేడి అరటి దవ్వ సూపు ఇస్తారు. మా శ్రీకాకుళం వైపు రంగూన్‌ను రంగం అంటాం. మా తాతగారు రంగంలో బియ్యపు మిల్లులో పనిచేసి, 1942లో యుద్ధానికి వెరచి, అడవులూ కొండలూ దాటి నడిచివచ్చినవారు. అక్కడి తిండి పుల్లగా, వెల్లుల్లి వాసనతో ఉండేదని ఆయన చెప్పగా విన్నదే తప్ప, ఆ రుచి నాకు తెలియదు. బండి దగ్గర నిలబడి మొదటి ముద్ద నోట పెట్టుకున్నప్పుడు కళ్ళు చెమర్చాయి. మర్నాడు మళ్ళీ వెళ్ళి రెండు ప్లేట్లు తిన్నాను.

వెళ్ళదలచినవారికి ఒక మాట: ఆదివారం ఉదయం దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి గనుక పాత ఇళ్ళ అరుగులూ, తలుపుల చెక్కడాలూ తీరికగా చూడవచ్చు. బజారు సందడి కావాలంటే మామూలు రోజున, పది గంటలకు ముందే మన్నడిలో దిగండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలను మాత్రం మింట్ వీధికి తీసుకుపోకండి. కూర్చోవడానికి అక్కడ చోటుండదు.