పౌచైటిస్‌కు ఆరేళ్ల యాంటీబయాటిక్ వాడకం: ఒక రోగి సమీక్ష

పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్ అనే జబ్బు మందులకు లొంగకపోవడంతో 2015లో నా పెద్దపేగును పూర్తిగా తొలగించి, చిన్నపేగు చివరి భాగాన్ని మడిచి, సంచిలా కుట్టి మలద్వారానికి కలిపారు. జె అక్షరం ఆకారంలో ఉంటుంది కనుక దాన్ని జె పౌచ్ అంటారు. మూడు విడతల ఆపరేషన్లు ముగిసి మలం చేరేందుకు పొట్టమీద పెట్టిన స్టోమా బ్యాగు తీసేసిన రోజున ఇక ఈ జబ్బుతో నాకు పని లేదనుకున్నాను. ఆ కొత్త సంచికి కూడా వాపు వస్తుందనీ, ఈ ఆపరేషన్ అయిన కొలైటిస్ రోగుల్లో దాదాపు సగం మంది ఎప్పుడో ఒకప్పుడు దాని బారిన పడతారనీ, దాన్నే పౌచైటిస్ అంటారనీ నాకు ఆ తర్వాతే తెలిసింది. చాలామందికి రెండు వారాల యాంటీబయాటిక్‌తో అది తగ్గిపోతుంది. నాకు మాత్రం 2018 నుంచి మందు ఆపిన ఇరవై రోజుల్లోపే తిరగబెట్టే రకంగా మారింది. అప్పటినుంచి వాడుతూ వచ్చిన మందుల గురించే ఈ సమీక్ష. ఇందులోని మోతాదులు నా శరీరాన్ని చూసి మా గ్యాస్ట్రోఎంటరాలజిస్టు నిర్ణయించినవి కనుక, వీటిని చూసి ఎవరూ సొంతంగా మందు మొదలుపెట్టవద్దని ముందే కోరుతున్నాను.

మొదటి మందు సిప్రోఫ్లాక్సాసిన్, 500 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు. పనితనం విషయంలో దీన్ని మించినది నాకు మళ్లీ దొరకలేదు. రోజుకు పదిహేనుసార్లు పరుగెత్తే నేను, రాత్రిళ్లు పడకమీద రబ్బరు షీటు వేసుకుని పడుకునే నేను, మూడో రోజుకల్లా ఆరేడుసార్లకు వచ్చాను. పౌచ్ ఉన్నవారికి అది మామూలు సంఖ్యే. బస్సెక్కి బంధువుల ఇంటికి వెళ్లగలిగాను. ఈ మేలును తక్కువచేసి చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే యాంటీబయాటిక్స్ అనగానే అవి పూర్తిగా చెడ్డవన్నట్టు మాట్లాడేవారికి ఆ పదిహేనుసార్ల బతుకు తెలియదు.

అయితే కొన్ని నెలల తర్వాత అదే మోతాదు పట్టు తప్పింది. మందు పాతబడిందేమో, మార్చాలేమో అని నేను భయపడుతుంటే డాక్టరు గారు ఒకే ప్రశ్న అడిగారు: "మాత్ర దేని మీద వేసుకుంటున్నారండీ?" మా అమ్మ మాట ప్రకారం పొట్ట చల్లబడుతుందని పొద్దున్నే పెరుగన్నం తిని, ఎముకల కోసం ఇచ్చిన కాల్షియం మాత్రతో కలిపి దీన్నీ మింగుతున్నాను. పాలు, పెరుగు, కాల్షియం, ఐరన్, జింక్, గ్యాస్‌కు వాడే యాంటాసిడ్లు సిప్రోఫ్లాక్సాసిన్‌ను పట్టేసుకుని రక్తంలోకి చేరనివ్వవని అప్పుడు తెలిసింది. వాటికి రెండు గంటల ముందైనా, ఆరు గంటల తర్వాతైనా ఈ మాత్ర పడాలి. పెరుగు లేనిదే భోజనం ముగియని మన ఇళ్లలో ఈ ముక్క చీటీమీద పెద్ద అక్షరాలతో రాయాలని నా అభిప్రాయం. ఉదయం ఆరింటికి మంచినీళ్లతో మాత్ర వేసుకుని, ఎనిమిదింటికి ఇడ్లీ, మధ్యాహ్నం పెరుగు అన్నట్టుగా మార్చుకోగానే మందు మునుపటిలాగే పనిచేసింది. అంతేకాదు, రోజుకు ఒక్క మాత్రే సరిపోయింది. అంటే అన్ని నెలలూ రెండో మాత్రను నేను అనవసరంగా మింగానన్నమాట. ఈ మందు కాఫీలోని కెఫీన్‌ను ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది. నాకు గుండెదడ, నిద్రపట్టకపోవడం అందువల్లేనని కాఫీ తగ్గించాక అర్థమైంది.

సిప్రోఫ్లాక్సాసిన్‌ను పోగొట్టుకోవడంలో నా తప్పు ఉంది. 2020 మొదట్లో ఒంటిమీద దద్దుర్లు వస్తే వేరే క్లినిక్‌కు వెళ్లాను. వాడుతున్న మందుల గురించి వారు అడగలేదు, నేనూ చెప్పలేదు. వారం రోజులకు ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చారు. సిప్రోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్ మడమ వెనకనున్న స్నాయువును దెబ్బతీయగలవనీ, స్టెరాయిడ్ తోడైతే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుందనీ నాకు తెలియదు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందుల మీద నల్లగీతల పెట్టెలో ఆ హెచ్చరిక వేయించింది. పదిరోజుల్లో కుడిమడమ పైభాగం వాచి, మెట్లు దిగలేని స్థితి వచ్చింది. దానికి షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు నాలుగు రోజులు వేసుకోవడం రెండో తప్పు. ఐబూప్రోఫెన్, డైక్లోఫెనాక్ వంటివి పౌచ్ వాపును రెచ్చగొడతాయి, నాకూ అదే జరిగింది. స్నాయువు తెగకుండా బయటపడ్డాను గానీ ఆ మందును డాక్టరు గారు నాకు శాశ్వతంగా ఆపేశారు.

తర్వాత మెట్రోనిడజోల్ అనే మరో యాంటీబయాటిక్, 400 మిల్లీగ్రాములు, రోజుకు మూడుసార్లు. వాపు తగ్గింది. కానీ నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టుండే రుచి వల్ల తిండి సగమైంది. పదో వారంలో ఒక ఉదయం చెప్పులు లేకుండా నేలమీద నడుస్తుంటే మేజోళ్లు తొడుక్కున్నట్టు అనిపించింది. అది నరాల దెబ్బ. ఈ మందు మొత్తం మోతాదు 42 గ్రాములు దాటినవారిలో ఆ ప్రమాదం ఎక్కువని డాక్టరు గారు వివరించాక ఇంటికొచ్చి లెక్కవేశాను: రోజుకు 1.2 గ్రాములు, పది వారాలకు 84 గ్రాములు. ముప్పై అయిదో రోజునే నేను ఆ హద్దులో ఉన్నాను. అంతకుముందే కాలివేళ్లలో సూదులు పొడిచినట్టు ఉంటే కూర్చునే తీరు వల్లనుకుని ఎవరికీ చెప్పలేదు. మందు వెంటనే ఆపడంతో ఏడాదికి చాలామట్టుకు తగ్గింది, బొటనవేళ్ల కొసల్లో మాత్రం మిగిలిపోయింది.

ఆనాటి నుంచి నోటుబుక్కు పెట్టాను. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, ఇప్పటిదాకా మొత్తం ఎన్ని గ్రాములు, రోజుకు ఎన్ని విరేచనాలు, రాత్రి ఎన్నిసార్లు లేచాను, మడమ, పాదాలు ఎలా ఉన్నాయి. ఏ డాక్టరు దగ్గరికి, చివరికి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందు ఆ పుస్తకం బల్లమీద పెడుతున్నాను. ఇది 2018లోనే మొదలుపెట్టి ఉంటే నా పాదాలు ఈపాటికి మామూలుగా ఉండేవని నాకు గట్టి నమ్మకం.

ఇప్పుడు నాలుగేళ్లుగా రిఫాక్సిమిన్ అనే యాంటీబయాటిక్ వాడుతున్నాను. ఇది పేగులోనే పనిచేస్తుంది, రక్తంలోకి చేరేది అత్యల్పం కనుక మడమకు గానీ నరాలకు గానీ ఇబ్బంది రాలేదు. పనితనం మాత్రం సిప్రోఫ్లాక్సాసిన్‌లో మూడోవంతు కూడా లేదు, ఖర్చు చాలా ఎక్కువ. వాపు ముదిరినప్పుడు రెండు వారాలపాటు అమాక్సిసిలిన్-క్లావులనేట్ అనే ఇంకో యాంటీబయాటిక్ కలుపుతున్నారు. అలా ముదిరిన ప్రతిసారీ మందు పెంచేముందు మలపరీక్ష చేయిస్తారు, ఎందుకంటే యాంటీబయాటిక్స్ వల్లే పెరిగే క్లాస్ట్రిడియం డిఫిసిల్ అనే క్రిమి కూడా ఇవే లక్షణాలు చూపిస్తుంది. ఈ పరీక్షను దయచేసి ఎవరూ దాటవేయవద్దు.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టింది 2022లో వచ్చిన మూత్రనాళ ఇన్ఫెక్షన్. మూత్రంలోని క్రిమిని పెంచి ఏ మందుకు లొంగుతుందో చూసే కల్చర్ రిపోర్టులో సిప్రోఫ్లాక్సాసిన్‌తో సహా నోటిద్వారా తీసుకునే మందుల్లో చాలావాటి పక్కన నిరోధకత, అంటే ఆ మందుకు క్రిమి లొంగదు, అని వచ్చింది. ఏడు రోజులు ఇంజెక్షన్లే దిక్కయ్యాయి. అన్నేళ్ల వాడకంలో నా పేగులోని బాక్టీరియా మొండికెత్తి, అక్కడినుంచే మూత్రనాళానికి చేరిందన్నమాట. ఎర్రగీత ఉన్న ఆ స్ట్రిప్పులను చీటీ చూపించకుండానే కొనగలిగిన రోజుల్లో, అపాయింట్‌మెంట్ దొరకలేదని, రెండుసార్లు నా అంతట నేనే కోర్సు పొడిగించాను. దానికీ ఈ రిపోర్టుకూ సంబంధం ఎంతో చెప్పలేను గానీ, ఆ పని చేసినందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

యాంటీబయాటిక్స్ మీదే బతకాల్సిన అవసరాన్ని తగ్గించడానికి వేడోలిజుమాబ్ అనే బయాలజికల్ (జీవకణాల సాయంతో తయారుచేసే) మందు గురించి డాక్టరు గారు మాట్లాడుతున్నారు. దీర్ఘకాల పౌచైటిస్‌కు దాన్ని 2022లో యూరప్‌లో అనుమతించారు. రక్తనాళంలోకి ఎక్కించే మందు, మొదటి మూడు డోసుల తర్వాత ఎనిమిది వారాలకొకసారి. మొదలుపెట్టేముందు క్షయ లేదని తేల్చుకోవాలి. మన దేశంలో అది నామమాత్రపు పరీక్ష కాదు, పైగా సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులు క్షయ క్రిమిమీద కొంత పనిచేసి లక్షణాలను కప్పిపెట్టగలవు. నా పరీక్షలు పూర్తయ్యాయి, ఏమీ లేదని వచ్చింది. ఖర్చు సంగతి ఇంట్లో ఇంకా తేలలేదు.

ఈ నెల పేజీలో సగటున రోజుకు తొమ్మిది విరేచనాలు, రాత్రి రెండుసార్లు లేవడం, మడమనొప్పి లేదు, బొటనవేళ్ల తిమ్మిరి అలాగే ఉంది అని రాసి ఉంది. వచ్చే వారం పౌచ్ లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్షకు, అంటే పౌచోస్కోపీకి, వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని వెంట తీసుకువెళ్తున్నాను.