ప్రోబ్ చెవులు: నడిసముద్రంలో ఇంధనం పుచ్చుకున్న పదకొండేళ్లు

నడిసముద్రంలో ట్యాంకరు నుంచి యుద్ధనౌకకు ఇంధనం ఎక్కించే పనిని నౌకాదళంలో మేమంతా ‘రాస్’ అనేవాళ్లం. ఆ పనిలో పుచ్చుకునే ఓడ డెక్కు మీద నేను పదకొండేళ్లు నిలబడ్డాను. ట్యాంకరు ఎన్ని టన్నులు మోస్తుందో, గంటకు ఎంత పంపు చేస్తుందో చెప్పేవారు చాలామంది ఉన్నారు కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచినది హోస్ చివరనుండే ప్రోబ్ గురించి, అది వచ్చి దిగబడే గరాటులాంటి రిసీవర్ గురించి, అంతకన్నా ముఖ్యంగా ఆ రిసీవర్‌కు అటూ ఇటూ ఉండే రెండు చిన్న లోహపు రెక్కల గురించి. ప్రోబ్ సరిగా కూర్చుని లోపల గొళ్లెం పడగానే ఆ రెక్కలు పైకి లేస్తాయి. మా మెస్‌లో వాటిని చెవులు అనేవాళ్లం. చెవులు లేస్తేనే పంపు మొదలుపెట్టమని ట్యాంకరుకు చెప్పాలి.

ఈ ఏర్పాటు మీద నాకు మమకారం పుట్టడానికి నా మొదటి ఓడే కారణం. అది చిన్న ఓడ, అందులో ప్రోబ్ లేదు. ఇరవై మందిమి తాడు పట్టుకుని హోస్ మూతిని డెక్కు మీదికి లాక్కొచ్చి, ఇంధనపు గొట్టానికి చేర్చి, కదలకుండా తాళ్లతో కట్టేవాళ్లం. అమెరికా నౌకాదళానికి చెందిన మౌమీ అనే ట్యాంకరు 1917లో అట్లాంటిక్ మధ్యలో డిస్ట్రాయర్లకు ఇలాగే ఇంధనం అందించిందని, తరువాతి కాలంలో అడ్మిరల్‌గా పేరు పొందిన నిమిట్జ్ అప్పుడు ఆ ఓడలో అధికారిగా ఉన్నారని శిక్షణలో చెప్పారు. అరచేతుల్లో బొబ్బలు చూసుకున్నప్పుడల్లా, ఆనాటికీ ఈనాటికీ పెద్ద తేడా ఏమీ లేదనిపించేది. రెండో ఓడకు మారాక ప్రోబ్‌ను మొదటిసారి చూశాను. ట్యాంకరు నుంచి మా ఓడకు బిగించిన స్పాన్ వైరు మీద కప్పీకి వేలాడుతూ, తన బరువుతో తానే జారుకుంటూ వచ్చి, గరాటులో ఠంగుమని దిగి, చెవులు రెండూ లేపింది. దాని మీద ఒక్కరి చెయ్యి కూడా పడలేదు. ఆ తరువాత చాలాకాలం, కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు చెవులను నమ్మితే చాలు, ఇంకేమీ చూడనక్కరలేదని చెబుతూ వచ్చాను. ఆ మాటను ఇప్పుడు కొంత సవరించుకోవలసి ఉంది.

నైరుతి రుతుపవనాలు అప్పుడే బలపడుతున్నాయి. బంగాళాఖాతంలో తెల్లవారుజామున రాస్ పెట్టారు. అంతకు నాలుగు రోజుల ముందు మా ఓడలో పెద్ద తనిఖీ జరిగింది. తనిఖీ అంటే రంగు వేయడమేనని నౌకాదళంలో పనిచేసిన ఎవరికీ చెప్పనక్కరలేదు. కదలని వస్తువుకు రంగు వేయడం, కదిలే వస్తువును అడ్డం తప్పించడం మాకు అలవాటు. రాస్ రోజున ట్యాంకరుతో మాట్లాడే టెలిఫోన్ నా చేతికి ఇచ్చారు. అది బ్యాటరీ అవసరం లేని ఫోను, మాట్లాడే గొంతులోని బలంతోనే పనిచేస్తుంది కనుక గాలిలో వినిపించాలంటే అరవాలి. దాదాపు 45 మీటర్ల ఎడంలో ట్యాంకరు, 12 నాట్ల వేగం, రెండు ఓడల నడుమ ఇరుక్కుని తెల్లగా ఉడుకుతున్న నీళ్లు.

ప్రోబ్ వచ్చి ఎప్పటిలాగే ఠంగుమంది. చెవులు లేవలేదు. కూర్చోలేదని మా అధికారి నిర్ణయించి, వెనక్కి లాగమని నాతో చెప్పించారు. ట్యాంకరు మీది విన్చి, అంటే తాడు చుట్టి లాగే యంత్రం, గట్టిగా లాగగా ఒక్క కుదుపుతో ప్రోబ్ ఊడి వచ్చింది. మళ్లీ వదిలారు, మళ్లీ ఠంగుమంది, చెవులు మళ్లీ లేవలేదు. ఇలా మూడుసార్లు జరిగింది. ఈలోగా ఒక పెద్ద అల తగిలి ఎడం బాగా పెరిగింది. స్పాన్ వైరు కొక్కెం దగ్గర సమ్మెట పట్టుకుని నిలబడిన కుర్రవాడు, దానిని కొట్టి వదిలించమనే ఆజ్ఞ వస్తుందేమోనని నా ముఖం వైపే చూస్తున్నాడు. నాలుగోసారి లాగుతున్నప్పుడు, అంతవరకూ నిబంధన ప్రకారం ఇంగ్లీషులో పొడిపొడిగా మాట్లాడుతున్న అవతలి ఫోను మనిషి, నా గొంతులో ఏం పసిగట్టాడో కాని, మా ఉత్తరాంధ్ర యాసలోకి దిగాడు. “తమ్ముడూ, అది కూకున్నాది. మేం లాగుతుంటే రాట్లేదు. మీ చెవులే ఓపాలి సూసుకోండి” అన్నాడు.

కూర్చున్న ప్రోబ్‌ను ఊడలాగాలంటే వెయ్యి కిలోలకు పైబడిన లాగుడు కావాలి. ఆ బరువు విన్చి దగ్గర ఉన్నవారికి తెలుస్తుంది, మా డెక్కు మీద తెలియదు. ఫోను పట్టుకున్నవాడు విన్నది చెప్పాలే తప్ప సలహాలు ఇవ్వకూడదు, అయినా పక్కనున్న పెద్దాయనతో ఈ సంగతి చెప్పాను. ఆయన తాళ్లు విప్పే ఇనుప మేకు తీసి, చెవి మొదట్లో ఉన్న కీలు మీద రెండుసార్లు తట్టారు. కోడిగుడ్డు పెంకులా బూడిదరంగు పెచ్చు ఒకటి ఊడి పడింది, చెవి చటుక్కున లేచింది. రెండో చెవి మీదైతే రంగు మూడు పొరలుంది. ప్రోబ్ మొదటిసారే సరిగ్గా కూర్చున్నది. పెయింట్ బ్రష్ చలవ వల్ల యాభై నిమిషాలు పోయాయి, తమ వంతు కోసం మరో రెండు ఓడలు వెనుక కాచుకుని ఉన్నాయి. ట్యాంకరు వారు మమ్మల్ని ఏమనుకున్నారో ఆ ఫోను మనిషి నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంత చెప్పినా ప్రోబ్‌కు దక్కవలసిన మెప్పు ఒకటి బాకీ ఉంది. మరో మూడేళ్లకు ఇంధనం పారుతుండగా మా ఓడ చుక్కాని మొరాయించింది, ఓడ దూరంగా తిరగసాగింది, సైరన్ అయిదు చిన్న కూతలు కూసింది. హోస్ బిగుసుకుని ప్రోబ్ దానంతట అదే ఊడి, లోపలి స్ప్రింగు వల్ల తన మూతి తానే మూసుకుంది. డెక్కు మీద పడిన డీజిల్ చెంబెడు ఉంటుందేమో. పాత పద్ధతిలో అయితే మేమందరం డీజిల్‌తో తలంటుకునేవాళ్లం. అయితే ఆ ఘనత మొత్తం ప్రోబ్‌దే అనలేను, ఎందుకంటే కూత వినగానే ట్యాంకరు వారు పంపు ఆపేశారు.

విశాఖపట్నం మల్కాపురంలో ఉంటాను కనుక, హిందుస్థాన్ షిప్‌యార్డులో కడుతున్న అయిదు సరఫరా నౌకల గురించి ఇరుగుపొరుగు నన్ను తరచూ అడుగుతారు. 2023లో ఒప్పందం కుదిరింది, ఒక్కొక్కటి 44,000 టన్నుల ఓడ, మన ఊళ్లోనే తయారవుతోంది, సంతోషమే. కాని రిసీవర్ ఉండేది పుచ్చుకునే ఓడ మీద. ఇచ్చే ఓడ ఎంత పెద్దదైనా, మన డెక్కు మీది కీలు బిగుసుకుపోతే ఆ ఓడ ఏమీ చేయలేదు.

ఎవరైనా అడిగితే ప్రోబే మేలని ఇప్పటికీ చెబుతాను, కాని ముందురోజు రాత్రి చెవులను వేళ్లతో పైకీ కిందికీ ఆడించి చూశాకే నిద్రపొమ్మంటాను. నేను పనిచేసిన ఓడలన్నింటిలోనూ బోసన్లు, అంటే డెక్కు పనులు చూసే పెద్దలు, రంగుకు ప్రాణం పెట్టేవారే. గ్రీజు డబ్బాను కూడా తెరిచే బోసన్ మీకు దొరికితే నా ఫిర్యాదులో సగం మీకు వర్తించదు. పైగా నేను చూసిందంతా పుచ్చుకునే వైపు నుంచే, అదీ డీజిల్ హోస్ దగ్గర మాత్రమే.