అనంతపురంలో పీసీ కట్టుకునేవాళ్లు జాగ్రత్త: పెట్టె మీద 600 వాట్లు, స్టిక్కర్ లెక్కన 192

పిల్లల చదువు కోసం విడిభాగాలు కొని పీసీ కట్టిస్తున్నవాళ్లు ఇది చదివాకే ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటును పీసీ భాగాలకు కావాల్సిన వోల్టులుగా మార్చి ఇచ్చే డబ్బా) కొనండి.

మా అక్క కొడుకు ఇక్కడే ఇంజనీరింగ్ చదువుతున్నాడు. వాడి పీసీ నేనే బిగించాను. ప్రాసెసర్, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు మంచివే తెచ్చాను. ఎస్ఎంపీఎస్ దగ్గరే తప్పు చేశాను. ఊళ్లోనే ఒక షాపులో "600 వాట్స్ అన్నా, ఏడాది వారంటీ, ఏం ఆలోచించొద్దు" అని 900 రూపాయలకు చేతిలో పెట్టారు. తీసుకున్నాను.

మూడు వారాలు బాగానే నడిచింది. ఆ తర్వాత ప్రాజెక్టు తాలూకు 3డి డ్రాయింగ్ రెండర్‌కు (దాన్ని పూర్తి బొమ్మగా మార్చే బరువైన పనికి) పెడితే చాలు, పది నిమిషాలకు ఠక్కున ఆగిపోయి దానంతటదే మళ్లీ ఆన్ అయ్యేది. "మామా, మళ్లీ పోయింది" అని రాత్రిపూట వాడి ఫోన్ వస్తే ఒకటే టెన్షన్. ర్యామ్ తీసి తుడిచి పెట్టాను. విండోస్ మళ్లీ ఎక్కించాను. ఎండలకేమో అని పక్క మూత తీసి టేబుల్ ఫ్యాన్ కూడా పెట్టాం. ఏదీ పని చేయలేదు.

అప్పుడు వోల్టేజీలు చూపించే సాఫ్ట్‌వేర్ వేశాను. 12 వోల్టుల లైను 7.8 అని చూపించింది. గుండె ఆగినంత పనైంది. కానీ నిజంగా 7.8 ఉంటే ఆ మెషిన్ ఆన్ కూడా కాదు. బయోస్‌లో (విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెరలో) చూస్తే 12.1 ఉంది. బోర్డు మీది సెన్సార్ చిప్ ఇచ్చే అంకెను ఏ లెక్కన గుణించాలో సాఫ్ట్‌వేర్‌కు తెలియకపోతే ఇలాంటి పిచ్చి అంకెలే వస్తాయి. అలాగని బయోస్ అంకెను చూసి నిశ్చింతగా ఉండకండి, ఆ సమయంలో గ్రాఫిక్స్ కార్డుకు పనే ఉండదు.

షాపుకు తీసుకెళ్లాను. ఎస్ఎంపీఎస్‌కున్న ఆకుపచ్చ వైరును నల్ల వైరుతో చిన్న తీగ పెట్టి కలిపి, మీటర్ ఆనించి, "12.2 వస్తోంది చూడన్నా, ఫ్యాన్ కూడా తిరుగుతోంది, నీ బోర్డే పోయింది" అన్నాడు. నమ్మాను. కొత్త బోర్డు ధరలు కూడా కనుక్కున్నాను. దయచేసి మీరు ఈ మాట నమ్మకండి. ఆ పరీక్షతో ఎస్ఎంపీఎస్ ఆన్ అవుతుందని మాత్రమే తెలుస్తుంది. ఖాళీ బండి లాగిన ఎద్దును చూసి వేరుశనగ మూటలు కూడా లాగేస్తుందని చెప్పడమే అది.

టవర్ క్లాక్ దగ్గర ఒక డిజిటల్ మీటర్ కొన్నాను. ముందు గోడ ప్లగ్గులో ఏసీ చూస్తే 214 వచ్చింది. ఎస్ఎంపీఎస్ మీద 200 నుంచి 240 అని ఉంది కాబట్టి ఇంటి కరెంటు తప్పు లేదు. తర్వాత మీటర్‌ను డీసీ 20కి తిప్పి, వాడకుండా మిగిలిన నాలుగు పిన్నుల కనెక్టర్‌లో నల్ల ప్రోబు నల్ల వైరుకు, ఎర్ర ప్రోబు పసుపు వైరుకు (12 వోల్టులది) పెట్టాను. రెండు పిన్నులు ఒకదానికొకటి తగలకుండా చూసుకోవాలి. పని లేనప్పుడు 11.9. రెండర్ మొదలుపెట్టగానే 11.3, 11.1, 10.9... ఆగిపోయింది. మళ్లీ ఆన్ చేసి ఎర్ర వైరు మీద చూశాను. 5 ఉండాల్సింది రెండర్ నడుస్తుండగా 5.4కు ఎక్కింది.

వీటిలో 5 శాతం తేడా వరకే ఒప్పుకోవచ్చు. పసుపు 11.4 నుంచి 12.6, ఎరుపు 4.75 నుంచి 5.25, నారింజ రంగు వైరు (3.3 వోల్టులది) 3.14 నుంచి 3.46 మధ్య ఉండాలి. ఒకటి దిగుతుంటే ఇంకొకటి ఎందుకు ఎక్కుతుందంటే, చవక ఎస్ఎంపీఎస్‌లలో 12నూ 5నూ కలిపి ఒకే సర్క్యూట్ అదుపు చేస్తుంది. 12 మీద భారం పడితే దాన్ని పైకి లేపబోయి 5ను కూడా లేపేస్తుంది. ఇప్పటి పీసీల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 మీదే ఆధారపడతాయి. ఎక్కువైన ఆ 5 వోల్టులు హార్డ్ డిస్కుకు, యూఎస్‌బీలో పెట్టినవాటికి పోతాయి. నాకు అసలు భయం వేసింది అక్కడే.

అప్పుడు ఎస్ఎంపీఎస్ డబ్బాకు ఒక పక్క అంటించిన స్టిక్కర్ చదివాను. కొనేరోజే చదవాల్సింది. 12 వోల్టుల కింద 16 ఆంపియర్లు అని ఉంది. పన్నెండు పదహార్లు 192 వాట్లు. మా ప్రాసెసర్ 65, గ్రాఫిక్స్ కార్డు 120, అక్కడికే 185. ఇంక ఫ్యాన్లు, డిస్కు ఎక్కడ సర్దుకుంటాయి? ఆ 600 అనేది పెట్టె మీది బొమ్మ పక్కన తప్ప ఎక్కడా లేదు.

స్నేహితుడి దగ్గర మంచి ఎస్ఎంపీఎస్ తెచ్చి తగిలించాం. అదే రెండర్, రెండు గంటలు. 12.05 నుంచి 11.96కు దిగింది, అంతే. ఒక్కసారి కూడా ఆగలేదు. బోర్డుకు ఏమీ కాలేదు.

పాతదాన్ని తెరిచి చూద్దామని మా వాడు స్క్రూడ్రైవర్ తీశాడు, వద్దన్నాను. ప్లగ్ తీసినా లోపలి కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. మీరూ విప్పకండి.

షాపువాళ్లు వాపసు తీసుకోలేదు. నాకిచ్చింది జీఎస్టీ నంబరు లేని తెల్ల చిట్టీ. దాన్నీ, యూపీఐ రసీదునూ, స్టిక్కర్ ఫొటోనూ పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు లేదు. మీరు కొనేటప్పుడు సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు అడిగి తీసుకోండి.

ఇప్పటికే ఇలాంటి స్టిక్కర్ ఉన్నది వాడుతుంటే, ముందు పిల్లల ప్రాజెక్టు ఫైళ్లు వేరే దాంట్లోకి కాపీ చేసి పెట్టండి. ఆ తర్వాత మీటర్ పెట్టి, మెషిన్‌కు బరువైన పని ఇచ్చి కొలవండి.