పవర్‌రీనేమ్‌తో నాలుగేళ్లు

స్కాన్ చేసిన పాత కాగితాలు, ఫోన్‌లోంచి దింపుకున్న ఫోటోలు, రికార్డు చేసిన సంభాషణలు కలిపి నా దగ్గర వేలల్లో ఫైళ్లున్నాయి. స్కానర్ ఒక తీరుగా పేరు పెడుతుంది, ఫోన్ ఇంకో తీరుగా. వాయిస్ రికార్డర్ అయితే తేదీ, గంట, సెకను కలిపి బారెడు అంకె పడేస్తుంది. మొదట్లో ఒక్కో ఫైలు మీద ఎఫ్2 నొక్కి, పేరు కొట్టి, ట్యాబ్ నొక్కి తర్వాతి దానికి వెళ్లేవాణ్ణి. (ఈ ట్యాబ్ సంగతి తెలియక ప్రతిసారీ ఎంటర్ కొట్టి మళ్లీ మౌస్ కోసం వెతుక్కునేవాళ్లు చాలామందే ఉన్నారు.) ఇరవై ఫైళ్లకు ఇప్పటికీ అదే హాయి. రెండొందలు దాటితే మెడ పట్టేస్తుంది.

విండోస్‌లోనే ఇంకో దారి కూడా ఉంది. ఫైళ్లన్నీ ఎంచుకుని ఎఫ్2 నొక్కి ఒక పేరిస్తే, అన్నిటికీ అదే పేరు పెట్టి పక్కన బ్రాకెట్లలో 1, 2, 3 వేసుకుంటూ పోతుంది. పని జరుగుతుంది గానీ పాత పేరులో ఉన్న తేదీ కాస్తా పోతుంది. నాకు కావలసింది పేరు మొత్తం చెరపడం కాదు, అందులో ఒక ముక్క మార్చడం.

అలా ఫైళ్ల పేర్లను గుంపుగా మార్చే పవర్‌రీనేమ్‌కు వచ్చాను. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ అనే సాధనాల మూటలో ఇది ఒక భాగం. ఫైళ్లు ఎంచుకుని రైట్ క్లిక్ చేస్తే మెనూలో కనిపిస్తుంది. ఏం వెతకాలో ఒక పెట్టెలో, దాని బదులు ఏం పెట్టాలో ఇంకో పెట్టెలో రాస్తాం. పక్కనే పాత పేరు, కాబోయే కొత్త పేరు వరుసగా కనిపిస్తాయి. నన్ను నాలుగేళ్లు కట్టిపడేసింది ఈ ప్రివ్యూనే. కమాండ్ ప్రాంప్ట్‌లోని రెన్ కమాండ్ ఇంతకంటే వేగంగా పని ముగిస్తుంది, కానీ అది ముందుగా ఏమీ చూపించదు, అన్‌డూ కూడా లేదు. ఇక్కడైతే పొరపాటున అప్లై కొట్టినా, వెంటనే ఫోల్డర్‌లోకి వెళ్లి కంట్రోల్ జెడ్ నొక్కితే పాత పేర్లు తిరిగి వచ్చేస్తాయి.

కొత్తవాళ్లు మొదట తికమకపడేది ఒక చిన్న టిక్ దగ్గర. పేరులో నాలుగు అండర్‌స్కోర్లుంటే మొదటిదొక్కటే మారుతుంది. అన్నిటినీ మార్చు అనే ఆప్షన్ ఆన్ చేస్తేనే మిగతావి కదులుతాయి. నేను రెండు రోజులపాటు అదేదో బగ్ అనుకుని, ఒకే పనిని నాలుగేసిసార్లు చేశాను.

వరుస సంఖ్యలు వేయడం కూడా ఇందులో ఉంది. ఏమీ చెప్పకపోతే లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, కాబట్టి 1 నుంచి కావాలంటే చెప్పాలి. ముందు సున్నాలు కూడా అడిగి పెట్టించుకోండి: 001, 002 అలా. 2 తర్వాతే 10 అని విండోస్ ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌కు తెలుసు గానీ, ఆ తెలివి లేని ప్లేయర్లు, ప్రోగ్రామ్‌లు చాలా ఉన్నాయి. వాటికి 1 తర్వాత 10, ఆ తర్వాతే 2.

ఇక ఎక్స్‌టెన్షన్ల సంగతి, అంటే పేరు చివర చుక్క తర్వాత ఉండే ముక్క. అసలు మార్పు పేరుకా, ఎక్స్‌టెన్షన్‌కా, రెండిటికీనా అని ఎంచుకునే వీలుంది. జేపీఈజీ అని ఉన్నవాటిని జేపీజీ చేయాలనుకుందాం. ఎక్స్‌టెన్షన్ మాత్రమే అని ఎంచుకోకపోతే, పేరు మధ్యలో జేపీఈజీ అన్న అక్షరాలున్న ఫైలు కూడా దెబ్బతింటుంది. విండోస్ మామూలుగా ఎక్స్‌టెన్షన్లను దాచేస్తుంది కాబట్టి ముందు వ్యూ మెనూలోకి వెళ్లి వాటిని కనిపించేలా చేసుకోండి. లేకపోతే టీఎక్స్‌టీ పక్కన ఇంకో టీఎక్స్‌టీ తగిలించి కూర్చుంటారు. పీడీఎఫ్ లాగా కనబడుతూ చివర ఈఎక్స్ఈ (నొక్కితే నడిచే ప్రోగ్రామ్) దాచుకున్న దొంగ ఫైళ్లు కూడా అప్పుడే బయటపడతాయి.

ఒకసారి ఫోన్ ఫోటోలు మూడొందలు హెచ్ఈఐసీ రూపంలో ఉంటే, ఎక్స్‌టెన్షన్ జేపీజీగా మార్చేసి చేతులు దులుపుకున్నాను. నా కంప్యూటర్‌లో తెరుచుకున్నాయి. ఎందుకంటే కొన్ని ప్రోగ్రామ్‌లు పేరును పట్టించుకోకుండా ఫైలు లోపల చూస్తాయి. తీరా ఒక ఫారంలో అప్‌లోడ్ చేయబోతే ఒక్కటీ తీసుకోలేదు. నిజమైన జేపీజీ ఫైలు మొదటి మూడు బైట్లు ఎఫ్ఎఫ్, డీ8, ఎఫ్ఎఫ్ అని ఉంటాయి. జిప్ ఫైలైతే పీ, కే అనే అక్షరాలతో మొదలవుతుంది. వర్డ్ డాక్స్ ఫైలు కూడా లోపల జిప్పే, కావాలంటే ఎక్స్‌టెన్షన్ మార్చి తెరిచి చూడండి. అంటే పైన బోర్డు మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు. ఫోటోలన్నిటినీ కన్వర్టర్‌లో వేసి మళ్లీ మొదలుపెట్టాను. కామాలతో రాసిన పట్టిక ఉన్న టీఎక్స్‌టీని సీఎస్‌వీ చేయడం, పెద్దక్షరాల జేపీజీని చిన్నక్షరాలకు తేవడం లాంటివైతే పేరు మార్పుతోనే సరిపోతాయి.

తెలుగు పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (గుర్తులతో నమూనా రాసి వెతికే పద్ధతి) ఆన్‌లో ఉంటే చుక్కకు ఏదైనా ఒక అక్షరం అని అర్థం. చుక్కలు తీసేద్దామని వెతుకు పెట్టెలో ఉత్త చుక్క పెట్టాను, ప్రివ్యూలో పేర్లే మాయమయ్యాయి. దాని ముందు \ పెట్టాలట. సరే, మొదటి అక్షరం తీసేద్దామని ^. (^ అంటే పేరు మొదలు) ఇస్తే "శ్రీ"లో "శ" ఒక్కటే పోయి ఒత్తూ గుడీ గాల్లో వేలాడాయి. మనకు అది ఒక్క అక్షరం, కంప్యూటర్‌కు నాలుగు కోడ్లు. ఇంకో తలనొప్పి, పొల్లు తర్వాత చేరే కంటికి కనిపించని నాన్-జాయినర్ (తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే గుర్తు). ఒకే పేరు రెండు ఫైళ్లకు ఉన్నట్టు కనిపిస్తుంది, వెతికితే ఒకటే దొరుకుతుంది. అలాంటప్పుడు పదం టైప్ చేయకుండా ఫైలు పేరులోంచే కాపీ చేసి పెట్టెలో అతికిస్తున్నాను. పొడవాటి తెలుగు పేర్లు లైనక్స్ డిస్క్ మీదికి వెళ్లనని మొండికేసేది కూడా ఇందుకే: అక్కడ మామూలుగా పేరుకు 255 బైట్లే హద్దు, తెలుగులో ఒక్కో కోడ్‌కు 3 బైట్లు. 85 కోడ్లకే నిండిపోతుంది.

ఈ సాధనం చేయలేని పని ఒకటుంది: పాత పేర్లు గుర్తుపెట్టుకున్న వేరే ప్రోగ్రామ్‌లకు కొత్త పేర్లు చెప్పడం. సగం ఎడిట్ చేసిన వీడియో ప్రాజెక్టు ఉండగా క్లిప్పుల పేర్లన్నీ ముచ్చటగా సరిచేశాను. ప్రాజెక్టు తెరిస్తే ఒక్క క్లిప్పూ కనపడలేదు, దానికి పాత పేర్లే తెలుసు. అప్పటికే కంట్రోల్ జెడ్ సమయం దాటిపోయింది. ఒక సాయంత్రమంతా ఒక్కొక్కదాన్నీ వెతికి తగిలించాను. ఇప్పుడు పేర్ల పని దేనికైనా ముందే చేసేస్తాను, మధ్యలో ముట్టుకోను.

తేదీని 2024-03-09 తీరులో ముందు పెట్టి, తర్వాత విషయం రాస్తున్నాను. అలా పెడితే ఎక్కడ చూసినా వరుస తప్పదు. ఇంకా మిగిలింది "స్కాన్ ఫైనల్ కొత్తది 2" అనే ఫోల్డర్. అందులో ఏ కాగితం ఏదో నాకే తెలియదు కాబట్టి దాన్ని ముట్టుకోలేదు.